జీడిపప్పు షెడ్డులో సస్పెన్స్ నవల

మా మేనత్త పోయిన కబురు నాకు విజయనగరంలో ఒక సభా భవనం మెట్ల మీద తెలిసింది. లోపల మైకులో నా పేరు పిలుస్తున్నారు. జనాన్ని నమ్మించి మోసం చేసేవాళ్ళ గురించి నేను గంటసేపు ఉపన్యసించాలి. ఫోన్లో అత్త కూతురు.

"బావా, అమ్మ ఎల్లిపోయినాది. మద్దినేల అన్నం తిని ఒరిగింది. నాలుగింటికి టీ తాగుతావేటే అని లేపినాను. లేవనేదు."

తను ఏడవడం లేదు. పైగా, "ఏటైనా తిని బయలెల్లు. ఇక్కడ పొయ్యి ఎలగదు" అంది. నేను మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాను. ఆ సభలో నా బదులు ఎవరు మాట్లాడారో నాకు తెలీదు. ఎవరు మాట్లాడినా మా అత్తకు తెలిసిన దానిలో నాలుగో వంతు కూడా చెప్పి ఉండరు.

అరసవల్లిలో గుడి దాటాక, లాడ్జీల వెనక సందులో కూతురి ఇల్లు. నేను వెళ్ళేసరికి అరుగు మీద ముప్పైమంది దాకా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పలాస అవతల నుంచి నాలుగు ఆటోల్లో ఇరుక్కుని వచ్చారు. పని మానుకుని వచ్చారు. పని మానితే ఆ రోజు కూలి లేదు. మన రచయితల సంఘాల్లో ఎవరైనా పోతే ఎంతమంది కూలి మానుకుని వస్తారో ఒకసారి ఆలోచించండి. ఆ తర్వాత నాతో పేచీకి రండి.

ఈ వ్యాసం రాయమని నన్నెవరూ అడగలేదు. మా అత్త పుస్తకం రాయలేదు, వేదిక ఎక్కలేదు, శాలువా కప్పించుకోలేదు. ఆమె చేసింది చదవడం. అదీ మనం 'కాలక్షేపం' అని మూతి విరిచే నవలలు: మొగుడు పెళ్ళాన్ని, పెళ్ళాం మొగుణ్ణి, అక్క చెల్లెల్ని, ఇంట్లో చేరిన మంచి మనిషి ఇల్లంతటినీ మోసం చేసే సస్పెన్స్ నవలలు. వాటి మీద నేను రెండు ఘాటైన వ్యాసాలు రాశాను. ఆ రెండు వ్యాసాల్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు. కానీ వాటిని రాసినప్పుడు ఆ నవలల్లో ఒక్కటి కూడా పూర్తిగా చదవలేదని ఒప్పుకుంటున్నాను.

అత్త ఏడో తరగతి దాకా చదువుకుంది. మావయ్య తొందరగా పోయాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె పలాస దగ్గర ఒక జీడిపప్పు షెడ్డులో పప్పు మీద పొట్టు తీసేది. పెద్ద రేకుల షెడ్డు. రెండు వరసల్లో ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని, చిన్న కత్తితో ఒక్కో పప్పూ గీరుతూ ఉంటారు. ఫ్యాను వేస్తే పొట్టు లేస్తుందని వేయరు. పప్పు విరిగితే బద్ద కింద లెక్క, నిండుగా ఉంటేనే ధర. సాయంత్రం తూకం. అలాంటి చోట చేతులు ఖాళీగా ఉండవు గానీ చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ చెవుల కోసం ఒక ఏర్పాటు చేసుకున్నారు. మధ్యాహ్నం టీ అయ్యాక గంటసేపు అత్త కత్తి కింద పెట్టి నవల అందుకునేది. ఆమె తూకం తగ్గకుండా మిగతావాళ్ళు తలా ఒక గుప్పెడు ఒలిచిన పప్పు ఆమె పళ్ళెంలో పోసేవాళ్ళు. దాన్ని వాళ్ళు 'చదువు గుప్పెడు' అనేవాళ్ళు. మొదట్లో మేస్త్రీ కేకలేశాడట. తర్వాత తలుపు దగ్గర బీడీ ఆర్పేసి నిలబడి వినడం మొదలుపెట్టాడట. ఒకరోజు ఆయనే, "నిన్న ఆ డ్రైవరు ఏటైనాడు?" అని అడిగేసి సిగ్గుపడ్డాడని అత్త నవ్వుతూ చెప్పేది.

పుస్తకాలు ఎక్కడివంటారా? వారపత్రికల్లో సీరియళ్ళు కత్తిరించి కుట్టుకున్న పాత బైండ్లు. రిటైరైన ఒక టీచరమ్మ ఇంటి అటక మీద నుంచి దిగాయి. శ్రీకాకుళంలో తోపుడుబండి మీద అమ్మే సగం చిరిగినవి కొన్ని. ఈ మధ్య ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివినవి మరికొన్ని. బైండ్లలో అక్కడక్కడా ఒక వారం పేజీలు ఉండేవి కావు. అప్పుడు అత్త పుస్తకం మూసి, "ఈ వారం మీరు సెప్పండే" అనేది. లేని వారాన్ని షెడ్డంతా కలిసి అల్లేది. తర్వాతి వారం చదివితే చాలాసార్లు వాళ్ళు అల్లిందే బాగుండేదట.

ఆమె చదవడం నేను మొదటిసారి విన్నప్పుడు నిరాశ పడ్డాను. ఎత్తులూ పల్లాలూ ఏమీ లేవు. రేషను కార్డులో పేర్లు చదివినట్టు చదివింది. ఏడుపు దగ్గరా అదే గొంతు, హత్య దగ్గరా అదే గొంతు.

"కొంచెం భావం పెట్టి చదవచ్చు కదత్తా" అన్నాను.

"గొంతు మారిస్తే ఎవుడు దొంగో తెలిసిపోతాదిరా ఎర్రోడా. ఆల్లు కనిపెట్టాల. నాను సెప్పీకూడదు."

పది పేజీలకోసారి ఆగేది. వేలు పేజీలో పెట్టి అడిగేది: "ఇప్పుడు ఎవులు అబద్దమాడినారు?" అక్కడ మొదలయ్యేది గోల. ఒకావిడ అత్తగారంటుంది, ఇంకొకావిడ తమ్ముడంటుంది. ఎందుకు, ఏ మాట బట్టి అని అత్త నిలదీసేది. "మొకం సూస్తే తెలిసిపోలేదేటి" అంటే ఒప్పుకునేది కాదు. "మొకం నువ్వెక్కడ సూసినావే? అచ్చరాలు కదేటి సూసినాం. మాట సెప్పు." ఆ మాట ఎక్కడుందో వెనక్కి తిప్పించి మళ్ళీ చదివించుకునేవాళ్ళు. విశ్వవిద్యాలయాల్లో సాహిత్య విమర్శ సదస్సులకు నేను వెళ్ళాను. వాక్యాన్ని అంత శ్రద్ధగా పట్టుకోవడం అక్కడ చూడలేదు. అక్కడ ముఖాలే చూస్తారు.

ఒకసారి నా కథల పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పట్లో నాకు దాని మీద చాలా నమ్మకం. రెండు వారాలయ్యాక అడిగితే అత్త కాస్త మొహమాటపడింది. పక్కనున్నావిడ మొహమాటపడలేదు.

"బాగానే ఉన్నాది బాబూ. కానీ ఇందల అందరూ ఎవులో మొదటి పేజీలోనే తెలిసిపోతన్నాది. పేదోడు, నేనోడు నిజమే సెప్తన్నాడు, ఉన్నోడు అబద్దమే సెప్తన్నాడు. మరింక మేవేటి కనిపెట్టాల?"

"అదే కదమ్మా వాస్తవం" అన్నాను కోపంగా.

"అవునా?" అంది ఆవిడ. "మా ఆయనా నేనోడే."

షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వారు. నేను మర్నాడు మధ్యతరగతి అభిరుచుల మీద ఇంకో వ్యాసం రాశాను. పొట్టు ఒలిచే ఆడవాళ్ళను మధ్యతరగతిలో ఎలా కలిపానో ఇప్పుడు చదివితే నాకే అర్థం కావడం లేదు.

అత్త నవలలన్నిటినీ నెత్తిన పెట్టుకునేదని అనుకోకండి. చివర్లో తప్పంతా రెండో ఆడదాని మీదికి నెట్టి మొగుణ్ణి కడిగేసే నవలలు బోలెడు. అలాంటిది చదివాక అట్ట వెనక్కి తిప్పి, "ఈ కతలో అబద్దమాడింది రాసినోడే" అని తీర్పిచ్చి పక్కన పడేసేది. పోనీ ఆమె చదువుకు దోషాలు లేవా అంటే ఉన్నాయి. ప్రపంచంలో మంచివాడు కనబడితే ఆమెకు నిద్ర పట్టేది కాదు. కూతురి పెళ్ళయ్యాక ఏడాదిపాటు అల్లుణ్ణి అనుమానించింది. "మరీ మంచోడిలాగున్నాడు, సూడాల" అనేది. పాపం అతను నిజంగానే మంచివాడు. చివరి ఏడాది ఆమెను తన ఇంట్లో ఉంచుకుని, గుడి వీధి దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది అతనే.

ఇప్పుడు నేను తప్పించుకు తిరుగుతున్న విషయానికి వస్తాను. ఈ వ్యాసం అసలు దీని కోసమే.

ఆ షెడ్డులో ఒక పిల్ల పనిచేసేది. నౌపడ నుంచి కోడలిగా వచ్చింది. అందరూ నౌపడ పిల్ల అనేవాళ్ళు. ఆమె భర్త మా కార్మిక సంఘంలో మనిషి. మంచి వక్త. లెనిన్ గడ్డమూ లేదు, ఎర్ర కండువా ఆర్భాటమూ లేదు. నెమ్మదిగా, లెక్కగా మాట్లాడేవాడు. అతన్ని నేను తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. ఆరు నెలలుగా భార్యకు మతి తప్పుతోందని అతను మాకు చెప్పుకొచ్చాడు. వస్తువులు ఎక్కడ పెట్టిందో మరిచిపోతోంది, పొయ్యి మీద పెట్టినవి మాడిపోతున్నాయి, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, అడిగితే ఏడుస్తోంది. నాలుగేళ్ళ కూతురు. "రేపు పిల్లనేటి సేసీస్తాదో అని భయంగా ఉన్నాదన్నా" అన్నాడు. అప్పటికే ఆమెను పని మాన్పించి ఇంట్లో ఉంచాడు.

మేం ముగ్గురం మగాళ్ళం వాళ్ళింటికి వెళ్ళి విచారించాం. 'విచారణ' అనే అన్నాం, ఆ మాట మాకు ఇష్టం. అతను సంఘం ఆఫీసులో చెప్పిందే, టీ కొట్టు దగ్గర చెప్పిందే, అదే వరసలో, అవే మాటల్లో మళ్ళీ చెప్పాడు. ఆమెను అడిగితే సోమవారం అంది, కాదు మంగళవారం అంది, మధ్యలో ఆగిపోయింది, చేతుల వైపు చూసుకుంది. మాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. వాదనలో వైరుధ్యం ఉంటే అబద్ధమని, లేకపోతే నిజమని నమ్మిన మనుషులం మేం.

ఆమెను నౌపడలో అన్నగారింటికి పంపించేయాలని, కూతురు తండ్రి దగ్గరే ఉండాలని తీర్మానించాం. రేపు ఎవరూ మాట తిప్పకుండా ఒక కాగితం రాసి, ఆమె అన్నతో సంతకం పెట్టించాలన్నాడు భర్త. ఆ కాగితం రాసింది నేను. చక్కగా రాశాను. ఎక్కడా కొట్టివేత లేదు. సాక్షుల్లో ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని అతనే అన్నాడు. అంతకన్నా తగిన సాక్షి ఎవరని నేను అత్త పేరు చెప్పాను.

అత్త కాగితాన్ని దీపం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎవులు రాసినారు?"

"నేనే."

"అదే అనుకున్నాను. దీన్ని నాను రేపు షెడ్డులో సదివి, అప్పుడు పెడతాను సంతకం."

"అందరి ముందూ చదివేది కాదత్తా ఇది. కుటుంబ విషయం."

"మరి నాను ఇన్నాళ్ళూ సదివినవేటిరా? ఇసాపట్నం ఓడరేవు ఊసులా?" అని నవ్వింది. తర్వాత నవ్వు మానేసి, "ఆ పిల్లని కూడా రమ్మను. ఆలి మీద రాసిన కాగితం ఆలి లేకుండా సదవడం ఏటి?" అంది.

భర్త ఆ రోజు సంఘం పని మీద బొబ్బిలి వెళ్ళాడు. కాబట్టి షెడ్డులోనే పనిచేసే వాళ్ళ పక్కింటావిడ వెళ్ళి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకురాగలిగింది. వరస చివర కూర్చోబెట్టారు. ఎవరో అలవాటుగా ఒక కత్తి, నాలుగు గుప్పెళ్ళ పప్పు ఆమె ముందు పెట్టారు. ఆమె తల వంచుకుని గీరడం మొదలుపెట్టింది. నేను మేస్త్రీ పక్కన నిలబడ్డాను. అత్త కళ్ళజోడు సర్దుకుని, అదే రేషను కార్డు గొంతుతో నా కాగితం చదివింది.

"'సదరు వివాహిత గత ఆరు మాసములుగా ఇంటి తాళములు ఎక్కడ పెట్టినదీ మరచిపోవుచు...'" వేలు పెట్టి ఆగింది. "ఎవులు అబద్దమాడినారు?"

"ఓలమ్మ! తాళమా?" అంది పక్కింటావిడ. "ఆల్లింటికి తాళమెక్కడిదే? తలుపుకి ఇనపతీగ కదేటి సుట్టేది!"

నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఆ తలుపు తోసుకునే లోపలికి వెళ్ళాను.

"'పొయ్యి మీద పాలు పొంగి మాడిపోవుచున్ననూ గమనింపక...'"

"పాలేటి, పాలు? ఆల్లింట్లో డికాషనే. నాది పక్కిల్లు, పాల పేకెట్టు కొంటే నాకు తెల్దేటి?"

ఇంకో వరసలో ఒక పడుచుపిల్ల కత్తి ఆపేసింది. "అత్తా, ఇది మేడ నవల!"

మేడ నవల అంటే అట్ట, ముందు పేజీలు పోయిన ఒక బైండు. అంతకుముందు చలికాలమంతా అదే చదివారు. ఊరందరికీ దేవుడిలాంటి ఒక లెక్చరరు, రెండంతస్తుల మేడలో తన పెళ్ళానికి మతి పోయిందని అందరినీ, చివరికి ఆమెనూ నమ్మిస్తాడు. తాళాలు దాచేస్తాడు. పాలు పొంగే వేళకు ఆమెను పైకి పిలుస్తాడు. నేను ఆ నవల చదవలేదు. నేను తప్ప ఆ షెడ్డులో ఉన్న ప్రతి ఒక్కరికీ, మేస్త్రీతో సహా, అది తెలుసు.

"ఆడు నవల్లోది ఎత్తీసి మన బాబు సేత రాయించీసినాడే!" అంది పడుచుపిల్ల.

అత్త నా వైపు చూడలేదు. వరస చివరికి చూసింది. "ఏమే, నువ్వు ఆడికి కత సెప్పీదానివా?"

"రోజూ సెప్పీదాన్ని." గొంతు వినబడీ వినబడకుండా ఉంది. "అన్నం తింటా అడిగీవోడు. తరవాతేటి, తరవాతేటి అని."

"ఎందాకా సెప్పినావు?"

"నాను ఇన్నందాకా. ఆవిడికి తన మీద తనకే అనుమానం వొచ్చి ఏడిసినకాడికి. తరవాత నన్ను పనికి రానివ్వనేదు కదా."

"అయితే మిగతాది నీకూ తెల్దు, ఆడికీ తెల్దు" అంది అత్త. కాగితం మళ్ళీ ఎత్తింది. "'కూరలో ఉప్పు రెండు పర్యాయములు వేయుచు...'" ఈసారి షెడ్డుని అడగలేదు. "ఇది మేడ నవల్లో నేదు. ఇది మీ ఇంటిదే. నువ్వే సెప్పాల."

ఆ పిల్ల చేతిలో పప్పు గీరడం ముగించి పక్కన పెట్టింది.

"ఉప్పు నాను ఒకపాలే ఏసినాను."

"ఇనబడనేదు."

"ఒకపాలే ఏసినాను!" తల ఎత్తింది. "మాది నౌపడ. మా అమ్మ, మా అన్న ఉప్పు మడుల్లో బతికినారు. ఉప్పు నాకు తెలీదేటి? నాను పెరట్లోకి ఎల్లొచ్చీసరికి కూర ఇసమైపోయీది. నా సెయ్యే తప్పిందనుకున్నాను. ఆరు నెల్లు నాను నా సెయ్యిని నమ్మనేదత్తా."

ఆమె పక్కనున్నావిడ ఆ చేతిని, కత్తితో సహా, తన ఒళ్ళో పెట్టుకుంది. అత్త కాగితం మడిచి నాకు ఇచ్చింది. "రాసినోడే సింపాల" అంది. చింపాను. ముక్కలు ఎక్కడ వేయాలో తెలియక నిలబడితే మేస్త్రీ పొట్టు బుట్ట ముందుకు తోశాడు.

ఇంత జరిగాక నేను నోరు మూసుకుని ఉండాలి కదా. ఉండలేదు. ఆ సాయంత్రం అత్త ఇంటికి నడుస్తుంటే దారిలో వాదన మొదలుపెట్టాను. "చూశావా? వాడికి ఆ దుర్మార్గం నేర్పింది నీ నవలే. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే."

అత్త ఆగింది. "ఆడు సగం ఇన్నాడు. సగం ఇన్నోడు అలగే సేస్తాడు. నువ్వు మొత్తానికే ఇన్నేదు. ఒక్క పది పేజీలు సదివుంటే తాళాల కాడే పట్టీసుందువు. మీ ఇద్దరిలో ఎవుడి వొల్ల ఎక్కువ పెమాదం?"

నా దగ్గర సమాధానం లేకపోతే నేను ఎదుటివాళ్ళ వర్గ స్వభావం గురించి మాట్లాడతాను. ఆ రోజు అదీ రాలేదు. కొంచెం దూరం పోయాక ఆమే అంది: "మీరు ముగ్గురెల్లి అడిగినప్పుడు ఆడు ఎక్కడా తడువుకోనేదన్నావు. ఆ పిల్ల తడువుకుందన్నావు. నిజం సెప్పేటోడు తడువుకుంటాడురా. జరిగింది గేపకం తెచ్చుకోవాల కదా. అబద్దం ముందే వొండి పెట్టుకున్నది, వొడ్డించడమే."

"మరి ఆ అమ్మాయికి తనకే ఎందుకు తెలియలేదత్తా? సగం నవల విన్నది కదా."

"పరాయింట్లో అయితే దొంగ అంటాం. మనింట్లో అయితే మొగుడంటాం. నీకు తెలిసిందేటి? నువ్వు తమ్ముడన్నావు."

నౌపడ నుంచి వచ్చిన అన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ పిల్ల మర్నాటి నుంచి షెడ్డుకి వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. షెడ్డువాళ్ళు కలిసి ఆ ఇంటికి ఒక తాళం కొన్నారు. రెండు తాళంచెవులూ ఆమెకే ఇచ్చారు. భర్త కొన్నాళ్ళు అరిచాడు. తర్వాత విశాఖ వెళ్ళి, అంతకుముందే మాట్లాడి పెట్టుకున్న ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడు. సంఘంలో నేను విషయం లేవనెత్తితే, "కుటుంబ వ్యవహారం, మనకెందుకు" అన్నారు. కాగితం రాసేటప్పుడు అది కుటుంబ వ్యవహారం కాలేదు! నేను బయటికి వచ్చేశాను. అతను మాత్రం ఇప్పటికీ వేదికల మీద ఉన్నాడు, ఇప్పటికీ తడుముకోడు. ఇది చదివి కొందరు మిత్రులకు కోపం వస్తుంది. రానివ్వండి.

మేడ నవల రెండో సగాన్ని అత్త ఆ పిల్ల కోసం మళ్ళీ చదివింది. ఒకసారి విన్న నవలని షెడ్డు రెండోసారి చదవనిచ్చింది అదొక్కటే. నేనూ వెళ్ళి కూర్చుని విన్నాను. దాంట్లో నాలుగు చోట్ల కథ అతుకులబొంత. పోలీసు వచ్చి ఉపన్యాసం ఇస్తాడు. వాక్యాలు కొన్ని ఘోరం. అయినా ఆ లెక్చరరు నోరు విప్పిన ప్రతిసారీ నాకు భయం వేసింది. అతను మాట్లాడే పద్ధతి నాది. ఎదుటి మనిషి తడబాటుని పట్టుకుని పైకి ఎగబాకే పద్ధతి. మనం రాసే మంచి పుస్తకాలు ఎన్ని చదివినా నాకు ఆ భయం కలగలేదు. వాటిలో నేను ఎప్పుడూ మంచివాళ్ళ పక్షానే ఉంటాను మరి. ఈ ఒక్క మాట మీద మన విమర్శకులు ఎవరైనా నాతో వాదించదలుచుకుంటే సిద్ధంగా ఉన్నాను. ముందు వాళ్ళు చదివి రావాలి.

కళ్ళు మందగించాక అత్త షెడ్డు మానేసి కూతురి దగ్గరికి వచ్చింది. కూతురు ఫోన్లో చదివి వినిపించేది. పోయే ముందు రోజు కూడా ఒక నవల నడుస్తోంది. పెద్ద కోడలే దొంగ అని అత్త తేల్చేసిందట. మూడో రోజున కూతురు మిగతా పేజీలు ఒక్కతే చదివి నా దగ్గరికి వచ్చింది. "అమ్మ తప్పు సెప్పినాది బావా. పెద్ద కోడలు కాదు" అని నవ్వింది. నాకు ఫోను చేసినప్పటి నుంచీ రాని ఏడుపు తనకు అప్పుడు వచ్చింది.

ఆ అరుగు మీదే నౌపడ పిల్ల నన్ను పలకరించింది. ఇప్పుడు పిల్ల అనకూడదు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. "అత్త గురించి రాస్తావా?" అని అడిగింది. రాస్తానన్నాను. "అచ్చుకిచ్చే ముందు మాకు సదివి ఇనిపించు."

అందుకని నిన్న ఈ వ్యాసం పట్టుకుని పలాస వెళ్ళాను. టీ అయ్యాక చదివాను. నాకు ఆ రేషను కార్డు గొంతు చేతకాలేదు. సభల్లో లాగ గొంతు అక్కడక్కడా లేచింది. అయినా ఓర్చుకున్నారు. "మా ఆయనా నేనోడే" దగ్గర ఆ మాట అన్నావిడే అందరికంటే గట్టిగా నవ్వింది. కాగితం చింపిన చోటు దాటాక నేను ఒక వాక్యం రాసి ఉన్నాను: 'ఆ సాయంత్రమే నౌపడ పిల్లకు క్షమాపణ చెప్పుకున్నాను.'

గీరుతున్న చప్పుడు ఆగింది. వరసలో ఒక్కో కత్తీ ఆగింది. నేను కాగితం మీద నుంచి తల ఎత్తలేకపోయాను. ఆ సాయంత్రం నేను అత్తతో వాదించుకుంటూ ఇంటికి నడిచాను. ఆ మర్నాడు చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. రాస్తున్నప్పుడు చెప్పినట్టే అనిపించింది. వాక్యం అంత బాగా కుదిరింది.

జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. మీరు పైన చదివిన దానిలో అది లేదు. తర్వాత నౌపడ ఆవిడ వైపు తిరిగి ఏదో అనబోయాను. "నేను... అప్పుడు... ఆ కాగితం..." అంటూ మొదలుపెట్టి, మొదలుపెట్టిన చోటుకే వచ్చాను. మాటలు వరసకి రాలేదు. నా జీవితంలో ఏ మైకు ముందూ నేను అంత అధ్వాన్నంగా మాట్లాడలేదు.

ఆమె పూర్తిగా విన్నది. కత్తి మొనకి అంటుకున్న ఎర్రటి పొర ఒకదాన్ని బొటనవేలితో తుడిచింది. అరచేతిలో సగం ఒలిచిన పప్పు అలాగే ఉంది. తెల్లగా సగం, ఎర్రగా సగం.

"ఊఁ" అంది. "సదువు."

రేకుల కింద గాలి లేదు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.